‘ఎవరి పోలిక?’ అని అడిగే ముందు

తెలుగు ఇళ్ళలో బిడ్డ పుట్టగానే వినిపించే మొదటి ప్రశ్న ‘ఎవరి పోలిక?’ అన్నదే. ముక్కు నాన్నది, నుదురు నాయనమ్మది, నవ్వు మేనమామది అని చుట్టాలందరూ పంచుకుంటారు. ఉయ్యాలలో ఉన్నంతకాలం ఈ పంపకం ముద్దుగానే ఉంటుంది. ఆ బిడ్డ బడికి వచ్చి, చదువులో వెనకబడినా, మాట ఆలస్యమైనా, నలుగురిలా లేకపోయినా అదే ప్రశ్న తీర్పుగా మారిపోతుంది. ‘మా వైపు ఎవరికీ ఇలా లేదండీ’ అంటారు. ఆ వాక్యంలో మిగతా సగం పైకి అనరు కానీ, పక్కన తల వంచుకుని కూర్చున్న తల్లికి అది వినబడుతూనే ఉంటుంది.

మూడు నాలుగేళ్ళకోసారి పెట్టే బేడా సర్దుకునే మాలాంటి ఉపాధ్యాయులం ఈ మాటను తెలుగులోనే కాదు, హిందీలో విన్నాం, ఒడియాలో విన్నాం, ఇప్పుడు లిలువాలో బెంగాలీలోనూ వింటున్నాం. ఊరు మారింది, భాష మారింది, మాట మాత్రం మారలేదు. తెలుగు చెప్పేవాళ్ళకు జన్యువులతో పనేమిటని విద్యార్థులు నవ్వుకోవచ్చు. కానీ పోలిక అనేది మొదట భాషలో మాట, ఆ తర్వాతే సైన్సులో పాఠం. ఆ మాట ఒక పిల్లవాడిని ఎంత గాయపరచగలదో కళ్ళారా చూశాం కనుకే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాం.

కొన్నేళ్ళ క్రితం వేరే ఊళ్ళో, పేరు చెప్పనవసరం లేని ఒక బడిలో పనిచేస్తున్నప్పటి సంగతి. ఆరో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పొట్టిగా, బొద్దుగా, చిన్న చిన్న చేతులతో ఉండేవాడు. భోజనం గంటకు ముందే పక్కవాళ్ళ టిఫిన్ డబ్బాలు ఖాళీ చేసేవాడు. చెత్తబుట్టలో పడేసిన రొట్టెముక్కలు కూడా ఏరుకునేవాడు. మేమేం చేశాం? అందరిలాగే మేమూ తిట్టాం. గోడ వైపు తిప్పి నిలబెట్టాం. డైరీలో ఎర్ర సిరాతో రాశాం. అదే పిల్లవాడు ముక్కలు పేర్చే బొమ్మల ఆట ఇస్తే మా అందరికంటే ముందు పూర్తిచేసేవాడు. ఆ తెలివిని మెచ్చుకున్న గుర్తు మాకు లేదు, ఎర్ర సిరా మాత్రం గుర్తుంది.

పెద్దల సమావేశానికి తల్లి, నాయనమ్మ వచ్చారు. ‘వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళంతా తిండిపోతులే, ఆ బుద్ధులే వచ్చాయి’ అంది నాయనమ్మ. మేము కాదనలేదు. మౌనంగా ఊరుకోవడం కూడా ఒప్పుకోవడమే కదా. కొన్ని నెలల తర్వాత తండ్రి ఒక ఆసుపత్రి కాగితం తెచ్చాడు. పిల్లవాడికున్నది ప్రేడర్-విల్లీ సిండ్రోమ్. కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు సరిగా అందదు. అది దొంగతనం కాదు, తీరని ఆకలి. పదిహేనో క్రోమోజోములో తండ్రి నుంచి వచ్చిన ప్రతిలో ఒక ముక్క లేదని ఆ కాగితంలో ఉంది.

కథ అక్కడితో ముగియలేదు. మరుసటి వారానికల్లా నింద దిక్కు మార్చుకుంది. ఇప్పుడు మాట్లాడే వంతు తల్లి తరఫువాళ్ళది: ‘చూశారా, లోపం మీవాడిది.’ ఇన్నాళ్ళూ తల్లి వంచుకున్న తల ఇప్పుడు తండ్రి వంచుకున్నాడు. సైన్సు అన్యాయాన్ని ఆపలేదు, ఇల్లు మార్పించిందంతే. ఎందుకంటే ఆ కాగితాన్ని అందరూ సగమే చదివారు. మిగతా సగం చదవడానికే ఈ వ్యాసం.

పదో తరగతి పిల్లలకు మెండెల్ పాఠం ఉంది. బఠానీ మొక్కల్లో పొడవు, పొట్టి, గుండ్రటి గింజ, ముడతల గింజ. 1866లో అచ్చయిన ఆ పరిశోధనలో ఒక విషయాన్ని మనం గబగబా దాటేస్తుంటాం. పుప్పొడి పొడవు మొక్కదై అండం పొట్టి మొక్కదైనా, వాటిని తారుమారు చేసినా, వచ్చే సంతానం ఒకేలా ఉంది. అంటే జన్యువు తల్లి నుంచి వచ్చిందా తండ్రి నుంచి వచ్చిందా అన్నది లెక్కలోకి రాదు. చాలా జన్యువుల విషయంలో ఇది నిజమే. అన్నిటి విషయంలో మాత్రం కాదు. ఆ మినహాయింపు పేరే జన్యు ముద్రణ.

దీనికి తగిన ఉదాహరణ కోసం దూరం వెళ్ళక్కర్లేదు. హౌరా వంతెన దాటి అలీపూర్ జంతుప్రదర్శనశాలకు వెళ్తే చాలు. మన విద్యార్థుల్లో అక్కడికి విహారయాత్రకు వెళ్ళనివాళ్ళు తక్కువ. ఆ ప్రదర్శనశాలలో 1971లో రుద్రాణి అనే ఆడపిల్ల పుట్టింది. తండ్రి పులి, తల్లి సింహం. ‘పులి కడుపున పిల్లి పుడుతుందా’ అంటుంది మన సామెత. సింహం కడుపున పులి బిడ్డ పుడితే ఏమంటారో సామెతలో లేదు. ఇలాంటి జంతువును టైగాన్ అంటారు. తల్లిదండ్రులు తారుమారై, తండ్రి సింహం, తల్లి పులి అయితే పుట్టేది లైగర్. రెండింటిలోనూ సగం పులి, సగం సింహం. బఠానీల లెక్క ప్రకారం రెండూ ఒకేలా ఉండాలి. కానీ టైగాన్ సాధారణంగా తల్లిదండ్రులను మించి పెరగదు. లైగర్ మాత్రం ఇద్దరినీ మించిపోయి, పిల్లి జాతి అంతటిలో పెద్ద జంతువవుతుంది.

రుద్రాణికి తర్వాత దేబబ్రత అనే ఆసియా సింహంతో జతకూర్చారు. దానికి మొత్తం ఏడు పిల్లలు పుట్టాయి. వాటిలో కుబానాకన్ అనే మగది కనీసం 363 కిలోల బరువు తూగింది. భుజం దగ్గర ఎత్తు 1.32 మీటర్లు. మామూలు మగసింహం రెండు వందల కిలోల లోపే ఉంటుంది. చిన్నగా ఉండే టైగాన్ కడుపున ఇంతటిది ఎలా పుట్టింది?

శాస్త్రజ్ఞులు ఇచ్చే ఒక వివరణ ఇది. సింహాల గుంపులో ఒక ఆడసింహం వేర్వేరు మగసింహాల పిల్లలను కంటుంది. అందుకని తన పిల్ల మిగతావాటి కంటే బాగా పెరగాలని తోసే జన్యువులు తండ్రి వైపు నుంచి బలంగా వస్తాయి. తల్లికి అన్ని పిల్లలూ కావాలి, తన ప్రాణమూ నిలవాలి. కనుక పెరుగుదలను అదుపుచేసే జన్యువులు తల్లి వైపు నుంచి వస్తాయి. సింహాల్లో తోపుడూ అదుపూ సరితూగుతాయి. ఒంటరిగా తిరిగే పులుల్లో ఈ పోటీ తక్కువ. తండ్రి సింహం, తల్లి పులి అయితే తోపుడు ఎక్కువై అదుపు తక్కువవుతుంది, లైగర్ పెరిగిపోతుంది. కుబానాకన్‌కు కూడా తండ్రి సింహమే కదా. ఒకటి రెండు జంతువులను చూసి సిద్ధాంతం రుజువైపోయిందని అనడం తప్పు. పైగా వన్యప్రాణులను అలా సంకరపరచడం ఆ జీవులకు మేలు చేసే పని కాదని ఆ ప్రయోగాలు కూడా ఆగిపోయాయి. అయినా బిడ్డ రూపం ‘ఏ జన్యువు వచ్చింది’ అన్నదాని మీదే కాక ‘ఎవరి ద్వారా వచ్చింది’ అన్నదాని మీద కూడా ఆధారపడగలదని ఊహించుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

రుజువు ఎలుకల్లో దొరికింది. 1984లో ఫిలడెల్ఫియాలో జేమ్స్ మెక్‌గ్రాత్, డావర్ సోల్టర్, కేంబ్రిడ్జిలో కెన్యాలో పుట్టిన అజీమ్ సురానీ బృందం విడివిడిగా ఒకే ప్రశ్న వేసుకున్నారు. రెండు సెట్ల జన్యువులే కావాలంటే, రెండూ తల్లివే అయితే ఏం? రెండూ తండ్రివే అయితే ఏం? అలా తయారుచేసిన పిండాలు ఏవీ బతకలేదు. రెండు సెట్లూ తల్లివైతే పిండం కొంతవరకు పెరిగింది కానీ మాయ సరిగా ఏర్పడలేదు. రెండూ తండ్రివైతే మాయ ఏర్పడింది కానీ పిండం సరిగా పెరగలేదు. 1991లో ఎలుకల్లోనే ఇలాంటి జన్యువులను పేరుతో సహా గుర్తించారు. పెరుగుదలను పెంచే ఐజీఎఫ్2 అనే జన్యువులో తండ్రి ప్రతి పనిచేస్తుంది, తల్లి ప్రతి మౌనంగా ఉంటుంది. దాన్ని అదుపుచేసే మరో జన్యువులో తల్లి ప్రతి పనిచేస్తుంది, తండ్రి ప్రతి మౌనంగా ఉంటుంది. మనిషిలో సుమారు 20,000 జన్యువులుంటే, ఇలా ముద్ర పడేవి వంద పైచిలుకు మాత్రమే. కాబట్టి ముక్కు, నుదురు, నవ్వు పంపకాలకు దీంతో సంబంధం ఉందని ఎవరూ అనుకోవద్దు.

ఈ ముద్ర ఎలా ఉంటుంది? లిలువా పిల్లలకు ఇది చెప్పడం తేలిక. మీలో చాలామంది తండ్రులు, తాతలు పనిచేసిన రైల్వే వర్క్‌షాపు 1900లో మొదలైంది. అక్కడికి మరమ్మతుకు వచ్చిన వ్యాగన్ల మీద సుద్దముక్కతో ‘సిక్’ అని రాసి ఉండటం చూసే ఉంటారు. ఆ రాతతో ఇనుము మారదు, చక్రం మారదు. కానీ ఆ గుర్తు ఉన్నంతవరకు దాన్ని రైలుకు తగిలించరు. జన్యు ముద్ర కూడా అంతే. జన్యువులోని అక్షరాలు ఒక్కటీ మారవు. దాని మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు అంటుకుంటుంది. గుర్తు పడిన తీరును బట్టి ఒక ప్రతి పనిచేస్తుంది, రెండోది పక్కన నిలబడుతుంది.

ఇంకో సంగతి. కోచ్ చివరి పలక మీద ఏ వర్క్‌షాపులో, ఏ తేదీన మరమ్మతు జరిగిందో రాసి ఉంటుంది. మళ్ళీ మరమ్మతుకు వచ్చినప్పుడు పాత రాత చెరిపి, కొత్త వర్క్‌షాపు పేరు, కొత్త తేదీ రాస్తారు. జన్యువులకూ తరతరానికీ ఇదే జరుగుతుంది. బిడ్డ పిండంగా ఉన్నప్పుడే, రేపు అండాలుగానో శుక్రకణాలుగానో మారబోయే కణాల్లో పాత ముద్రలు చెరిగిపోతాయి. ఆడబిడ్డ అయితే అన్నిటి మీదా తల్లి ముద్ర, మగబిడ్డ అయితే అన్నిటి మీదా తండ్రి ముద్ర కొత్తగా పడతాయి. కాబట్టి నాయనమ్మ నుంచి వచ్చిన జన్యువైనా సరే, నాన్న ద్వారా మనవడికి చేరేసరికి దాని మీద నాన్న ముద్రే ఉంటుంది. రుద్రాణికి తండ్రి పులి నుంచి వచ్చిన జన్యువులు కూడా దాని అండాల్లో తల్లి ముద్రతోనే బయలుదేరాయి. మాలాంటి బదిలీ ఉద్యోగులకు ఇది బాగా అర్థమవుతుంది. మనిషి అదే, సర్వీసు పుస్తకంలో ముద్ర మాత్రం కొత్త ఊరిది.

ఇది జంతువులకే పరిమితం కాదు. మొక్కల్లో జన్యు ముద్రణ ముఖ్యంగా కనిపించేది గింజలో ఆహారం నిలవ ఉండే భాగంలో. వరిలో అదే మన కంచంలో అన్నం. మందార కొమ్మలకు తెల్లగా పట్టే పిండినల్లిలోనైతే ఇంకా వింత. మగ పురుగులో తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోముల సెట్టు మొత్తం ముడుచుకుని మూగబోతుంది.

ఇప్పుడు ఆ ఆసుపత్రి కాగితానికి వద్దాం. 1956లో స్విట్జర్లాండ్‌లో ప్రేడర్, లాబ్‌హార్ట్, విల్లీ అనే వైద్యులు ఒక రకం పిల్లలను వర్ణించారు. పుట్టినప్పుడు కండరాల్లో పట్టు ఉండదు, పాలు తాగడమే కష్టం. కొన్నేళ్ళకు తీరని ఆకలి మొదలవుతుంది. 1965లో హ్యారీ ఏంజెల్‌మన్ అనే ఇంగ్లండు పిల్లల వైద్యుడు మరో రకం పిల్లలను వర్ణించాడు. వాళ్ళకు మాట దాదాపు రాదు, నడక తూలుతుంది, మూర్ఛలు వస్తాయి, తరచూ నవ్వుతుంటారు. రెండూ అరుదైనవి, ఒకదానితో ఒకటి పోలిక లేనివి. ఆశ్చర్యం ఏమిటంటే రెండిటిలోనూ చాలామందికి లోపించేది పదిహేనో క్రోమోజోములోని అదే ముక్క. తండ్రి నుంచి వచ్చిన ప్రతిలో లోపిస్తే మొదటిది, తల్లి నుంచి వచ్చిన ప్రతిలో లోపిస్తే రెండోది. ఆ ముక్కలో కొన్ని జన్యువులు తండ్రి ప్రతిలోనే, ఒక ముఖ్యమైన జన్యువు మెదడులో తల్లి ప్రతిలోనే పనిచేస్తాయి. పనిచేసే ప్రతి పోయినప్పుడు, పక్కన నిలబడ్డ ప్రతి ముందుకు రాలేదు.

‘తండ్రి నుంచి వచ్చిన ప్రతి’ అంటే ‘తండ్రి తప్పు’ అని కాదు. ఆ ముక్క తండ్రి ఒంట్లో లోపించలేదు. అతడు ఆరోగ్యంగానే ఉన్నాడు. చాలా సందర్భాల్లో ఆ కోత అండమో, శుక్రకణమో తయారయ్యేటప్పుడు తనంతట తానే జరిగిపోతుంది. ఎవరి తిండీ, ఎవరి నడతా, ఎవరి వంశమూ దానికి కారణం కాదు. కొన్ని కుటుంబాల్లో మాత్రం ఇది మళ్ళీ వచ్చే అవకాశం ఉంటుంది. అది చెప్పాల్సింది పరీక్ష చేసిన వైద్యులు, పెళ్ళిపందిట్లో కూర్చున్న చుట్టాలు కాదు. కాగితంలో రాసి ఉన్నది ముక్క ఏ దారిన వచ్చిందన్న చిరునామా మాత్రమే. దాన్ని మనం నేరపత్రంగా చదివాం.

దారిని బట్టి తొందరపడి తీర్పు చెప్పకూడదనడానికి మన తెలుగువారి ఉదాహరణ ఒకటుంది. లిలువాకు ఎదురుగా, హుగ్లీ అవతలి ఒడ్డున బరానగర్‌లో భారత గణాంక సంస్థ ఉంది. 1957లో జె. బి. ఎస్. హాల్డేన్ అనే మహా జన్యుశాస్త్రవేత్త ఇంగ్లండు వదిలి అక్కడికి వచ్చారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు చిన్న వయసులోనే ఆయన దగ్గర శిష్యుడిగా చేరారు. ఆంధ్ర ప్రాంతంలో మేనరికాల గురించి, చెవి అంచున వెంట్రుకలు మొలిచే లక్షణం గురించి పరిశోధించారు. ఆ వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే, వై క్రోమోజోము ద్వారా వస్తాయని 1960లో వంశవృక్షాలతో చూపించారు. చాలాకాలం అది పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. 2004లో మనదేశపు పురుషుల డీఎన్‌ఏను పరీక్షించిన పరిశోధకులకు ఆ నిర్ధారణకు ఆధారం దొరకలేదు. దీంతో ద్రోణంరాజు వారి గౌరవం తగ్గదు. ఆయన తన ఆధారాలను అందరి ముందూ పెట్టారు కనుకే తర్వాతివాళ్ళు సరిచూడగలిగారు. వంశవృక్షాలు గీసి, కొలిచి, రాసిన శాస్త్రవేత్త మాటే నలభై ఏళ్ళ తర్వాత పునఃపరిశీలనకు వచ్చిందంటే, పెద్దల సమావేశంలో రెండు నిమిషాల్లో మనం చెప్పే ‘వాళ్ళమ్మ పోలిక’కు విలువెంత?

భాష చెప్పేవాళ్ళుగా మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?’ ‘తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను.’ ఈ సామెతలను ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాయించి, అర్థం చెప్పించి, మార్కులు వేశాం. గమనించారా? తప్పు మేసేది ఎప్పుడూ ఆవే, చూడాల్సింది ఎప్పుడూ తల్లినే. ఎద్దు ఎక్కడ మేసిందో అడిగే సామెత మాకైతే ఇంతవరకు తారసపడలేదు. సామెతలు తీసెయ్యమని మేము అనం. అవి మన సొత్తు. కానీ పాఠం చెప్పేటప్పుడు అర్థంతో పాటు ఈ ప్రశ్న కూడా వేయాలి: ఇందులో నింద ఎవరి మీద పడుతోంది? అది న్యాయమేనా?

కొందరు పెద్దలు అడగవచ్చు, ‘కుటుంబ చరిత్ర అడగకపోతే జబ్బు ఎలా తెలుస్తుంది?’ అని. నిజమే, వైద్యులు అడగాలి, మనం దాచకుండా చెప్పాలి. వైద్యుడు అడిగేది మందు కోసం, చుట్టం అడిగేది మాట కోసం. ఆ తేడా చాలు. ‘పిల్లల చేష్టలన్నిటికీ జన్యువులు అడ్డం పెడితే క్రమశిక్షణ ఏం కావాలి?’ అని మా తోటి ఉపాధ్యాయులే అడిగారు. డబ్బా దొంగిలించే ప్రతి పిల్లవాడికీ సిండ్రోమ్ ఉండదు, ఒప్పుకుంటాం. కానీ శిక్ష వేసినకొద్దీ అదే పని మళ్ళీ మళ్ళీ జరుగుతుంటే, మరో శిక్ష వెతకడం కంటే కారణం వెతకడం మంచిది కదా.

మా ఆరో తరగతి అబ్బాయి విషయంలో చివరికి చేసింది చాలా చిన్న పని. అందరి టిఫిన్ డబ్బాలు బీరువాలో పెట్టి తాళం వేశాం. అతడికి రోజూ ఒకే వేళకు, ఒకే కొలతలో, ఒక టీచరు ఎదురుగా భోజనం. ఆకలి తీరలేదు, ఆ ఆకలి తీరేది కాదు. కానీ గోడవైపు నిలబడటం ఆగింది. ముక్కలు పేర్చే ఆటలో తరగతికి అతడే నాయకుడయ్యాడు. ఆ బీరువా తాళం ఆరు నెలల ముందే వేసి ఉండవచ్చని ఇప్పటికీ అనిపిస్తుంది. మా సర్వీసు పుస్తకాల్లో ఆ ఆరు నెలల గురించి ఏమీ రాసి ఉండదు.

పిల్లలూ, రేపు మీ ఇంట ఉయ్యాల కడితే ‘ఎవరి పోలిక?’ అని ముద్దుగా అడగండి, తప్పులేదు. బిడ్డ నలుగురిలా లేదని తెలిసిన రోజున మాత్రం ఆ ప్రశ్న పక్కన పెట్టండి. ఆ రోజు అడగాల్సింది ‘ఈ బిడ్డకు ఏం కావాలి?’ అని. మీ తరగతిలో అలాంటి మిత్రుడు ఉంటే, పక్క బెంచీలో కూర్చుని ఆ ప్రశ్న మీరే ముందు అడగండి. పెద్దవాళ్ళం మేము ఆలస్యంగా నేర్చుకున్నాం, మీకు అంత ఆలస్యం కాకూడదని మా కోరిక.

— తెలుగు ఉపాధ్యాయ బృందం తరఫున, లిలువా